తెర పక్కన నిలబడ్డ డాక్టరమ్మ

డాక్టరమ్మగారు పోయారని మొన్న మంగళవారం మధ్యాహ్నం వాళ్లమ్మాయి టెక్సాస్‌లోని కాపెల్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను డ్రయర్‌లోంచి తీసిన బట్టలు మడతపెడుతున్నాను. "నిద్రలోనే అక్కా. పెయిన్ ఏమీ లేదు," అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. మిగిలిన బట్టలు కూడా మడతపెట్టి, దుప్పట్లు ఒక వైపు, అత్తయ్యగారి చీరలు ఒక వైపు, తువ్వాళ్లు ఒక వైపు సర్ది, వాటి పక్కనే మంచం మీద కూర్చుండిపోయాను. అలసిపోయిన మనిషికి దుఃఖం కూడా వెంటనే రాదు. మిగతా పనులతోపాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక వస్తుంది. నాకు బుధవారం సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే వచ్చింది.

న్యూజెర్సీలో మా పార్సిప్పనీ ఊళ్లో ఆవిణ్ణి ఎరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరికి ఆవిడ తమ ఆపరేషన్‌కి మత్తు ఇచ్చిన డాక్టరు. ఇంకొందరికి క్రిస్మస్ వచ్చిందంటే గులాబీ పువ్వులు వండి తెలుగు చర్చికి డబ్బాలతో పట్టుకొచ్చే పెద్దావిడ. నాకు మాత్రం ఆవిడ జపాన్ దయ్యాల సినిమాలు నేర్పిన మనిషి. ఇది చదివి ఎవరైనా నవ్వితే నవ్వండి. ఆవిడే ముందు నవ్వేవారు.

మా పరిచయం పోస్ట్‌మాన్ పొరపాటు వల్ల మొదలైంది. మా వీధిలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఒక చలికాలం ఆవిడకి రావలసిన సినిమా డిస్క్ మా పోస్టు డబ్బాలో పడింది. కవర్ చిరిగి ఉంది. లోపల అట్ట మీద ఒక ఆడమనిషి, మొహమంతా జుట్టు. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మంచులో నడిచి వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను. నేను పట్టుకున్న తీరు చూసి ఆవిడ అన్నారు: "భయపడకమ్మాయ్, ఆవిడ బయటికి రాదు. వచ్చినా ఇంత మంచులో ఎక్కడికి పోతుంది? లోపలికి రా, కాఫీ ఇస్తాను."

ఆ రోజుల్లో నా పరిస్థితి కొంచెం చెప్పాలి. మావారు కన్సల్టెంటు. సోమవారం తెల్లారగట్ల విమానం ఎక్కి గురువారం సాయంత్రం దిగేవారు. అత్తయ్యగారికి మతిమరుపు జబ్బు ముదురుతోంది. పిల్ల కాలేజీకి వెళ్లిపోయింది. పగలంతా అత్తయ్యగారు నన్ను ఎవరో పనిమనిషి అనుకుని, "అమ్మాయ్, మీ అమ్మగారు ఎప్పుడొస్తారు?" అని అడుగుతూ ఉండేవారు. మంగళవారాలు మాత్రం పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే సెంటర్ వాళ్ల వ్యాను వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్లేది. ఆ మధ్యాహ్నాలు నావి. నిద్రపోవచ్చు. కానీ అలవాటు తప్పిన నిద్ర పిలిస్తే రాదు. అందుకని డాక్టరమ్మగారింటికి వెళ్లడం మొదలుపెట్టాను.

ఆవిడ చీకటిపడ్డాక దయ్యాల సినిమా చూసేవారు కాదు. "అప్పుడు చూసేవాళ్లకి సినిమా ఎందుకు? చీకటే చాలు," అనేవారు. మధ్యాహ్నం కర్టెన్లన్నీ బార్లా తీసి, ఇంట్లోనూ స్వెటర్ వేసుకుని, స్టీలు గ్లాసులో కాఫీ పట్టుకుని, టీవీ సౌండ్ బాగా తగ్గించి కూర్చునేవారు. సౌండ్ పెంచి భయపెట్టేవాళ్లంటే ఆవిడకి చులకన. "వెనకాల నుంచొచ్చి 'భౌ' అంటే మా కుక్కకి కూడా భయమే. అదీ ఒక కళేనా?"

ఈ పిచ్చి ఎలా పట్టిందని ఒకసారి అడిగాను. డెబ్బైల మొదట్లో ఆవిడ న్యూయార్క్‌లో ఒక ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు. గదిలో తోడు ఒక జపాన్ అమ్మాయి, ఆవిడా డాక్టరే. రాత్రి డ్యూటీలు చేసి చేసి కళ్లు మూతలు పడుతుంటే, ఆదివారం పూట ఆ అమ్మాయి ఈవిణ్ణి ఒక చిన్న సినిమా హాలుకి లాక్కెళ్లేది. అక్కడ జపాన్ వాళ్ల కోసం జపాన్ సినిమాలే ఆడేవి. కింద ఇంగ్లిషు మాటలుండేవి కావు. స్నేహితురాలే చెవిలో చెప్పేది.

"దాని ఇంగ్లిషు అంతంతమాత్రం. నాది దానికన్నా కాస్త నయం. మా ఇద్దరి మధ్యా ఒక దయ్యం. ఆ దయ్యం చెప్పేదే నాకు బాగా అర్థమయ్యేది," అని నవ్వేవారు. "ఒక మాట చెప్పనా? అలసిపోయినవాళ్లకే దయ్యాలు కనబడతాయి. హాయిగా పడుకున్నవాళ్లు గది మధ్యలోనే చూస్తారు. అలసిపోయినవాళ్ల చూపు మూలలకి జారుతుంది."

ఆవిడ చెప్పే చరిత్ర పుస్తకంలా ఉండేది కాదు. ఎదురింటివాళ్ల సంగతులు చెప్పినట్టు ఉండేది. జపాన్‌లో దయ్యాల కథలు ఎండాకాలానివట. పూర్వం నాటకశాలల్లో ఉక్కపోతకి జనం రాకపోతే, వణుకు పుడితే చల్లగా ఉంటుందని దయ్యాల నాటకాలు వేసేవారట. చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చే పండగ కూడా వేసవిలోనే. సినిమా వచ్చాక ఆ ఆచారం సినిమాకీ అంటింది. తెల్లబట్ట అంటే శవానికి కట్టే బట్ట. విరబోసిన జుట్టు అంటే దువ్వే మనిషి లేదని.

"మన దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. వాళ్ల దయ్యానికి అసలు పాదాలే లేవు. మన దయ్యం గజ్జెలు కట్టుకుని పాట పాడుతుంది. వాళ్లది మాట్లాడదు. ఏది భయమో నువ్వే చెప్పు."

"పాట పాడితే కనీసం ఎక్కడుందో తెలుస్తుందండీ," అన్నాను.

"చూశావా! అందుకే మనవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు."

మూకీ సినిమాల రోజుల్లో అక్కడ తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడట. అందరి గొంతులూ ఆయనే. ఏడవాలన్నా భయపెట్టాలన్నా ఆయనే. జనం నటీనటుల కోసం కాకుండా ఆయన కోసమే హాలుకి వచ్చేవారట. ఆ కాలపు సినిమాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. భూకంపంలో కొన్ని కాలిపోయాయి, యుద్ధంలో బాంబులకి కొన్ని పోయాయి. యుద్ధం ఓడిపోయాక అమెరికా వాళ్ల పాలనలో పాత పగల కథలు తీయడం కష్టమైంది. వాళ్లు వెళ్లాక దయ్యాలు మళ్లీ తెరమీదికొచ్చాయి. పిల్లి రూపం ఎత్తే దయ్యాలు, స్టూడియోలో కట్టిన రెల్లుపొదలు, రంగువేసిన ఆకాశాలు. తర్వాత టీవీ వచ్చి స్టూడియోలు చితికిపోయాయి. ఆపైన ఇంట్లో చూసే వీడియో క్యాసెట్ల కాలంలో చిన్న చిన్న దర్శకులు తక్కువ ఖర్చుతో, మసక మసకగా, నిజంగా జరిగినట్టు దయ్యాల ముక్కలు తీశారు. అక్కడ నేర్చుకున్నవాళ్లే తొంభైల చివర్లో ప్రపంచాన్ని భయపెట్టారు. మేమిద్దరం ఇవన్నీ మాట్లాడుకుంటున్న కాలానికి, వాటికి అమెరికన్ కాపీలు మా ఊరి మాల్‌లో ఆడి వెళ్లిపోయాయి కూడా. ఆవిడ వాటిని కూడా చూశారు. "బాగానే తీశారు. కానీ అన్నిటికీ కారణం చెప్తారు. కారణం తెలిస్తే అది దయ్యం కాదు, కేస్ షీటు," అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు, అది నేను మరిచిపోలేదు. "ఈ దయ్యాల్లో చాలామంది ఇల్లాళ్లేనమ్మాయ్. బతికున్నప్పుడు ఇంట్లో ఎవరూ తలెత్తి చూడలేదు. అందుకని పోయాక ఏ మూలో నిలబడి, చూసేదాకా కదలరు." ఆ సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్యగారికి అన్నం కలుపుతూ ఆ మాటే తలుచుకున్నాను.

మా మంగళవారాలు మొదలైన కొన్నాళ్లకే ఆవిడ కళ్లు పాడవడం మొదలైంది. చూపు మధ్యభాగం చెడిపోయి అంచులు మాత్రం మిగిలే జబ్బు అది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడదు, పక్కన ఉన్న గోడ కనబడుతుంది. డాక్టరు కాబట్టి ఏ నెలకి ఎంత పోతుందో ఆవిడకి ముందే తెలుసు. "దేవుడు నాకు సరిగ్గా సరిపోయే జబ్బే ఇచ్చాడు. దయ్యాలెప్పుడూ అంచునే కదా నిలబడేది," అనేవారు. అయితే తెర కింద వచ్చే మాటలు చదవలేకపోయేవారు. మొహాలు తెలిసేవి కావు. అందుకని నేను చదివి తెలుగులో చెప్పడం మొదలైంది. తర్వాత్తర్వాత తెరమీద ఏముందో కూడా చెప్పాల్సి వచ్చింది.

మొదట్లో నేను బాగా చెప్పేదాన్ని కాదు. "పాపం, ఆ పిల్ల చాలా భయపడుతోందండీ" అన్నానో లేదో, ఆవిడ ఆపేశారు.

"భయం సంగతి నాకొదిలెయ్. గదిలో ఏముందో చెప్పు. ఆపరేషన్ జరుగుతుంటే సర్జన్ నన్ను అడిగేది పల్స్ ఎంత, బీపీ ఎంత అని. 'పాపం పేషెంటు' అంటే ఊరుకుంటాడా?"

"అయితే సామాన్ల గది సర్దినట్టు వరసగా చెప్పనాండీ?"

"అదే కావాలి."

ఇంటి లెక్కలు వరసగా రాసుకునే అలవాటున్నదాన్ని. ఏదైనా వరసగా చెప్పడమే నాకు చేతనవును. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. కిటికీ, దాని కింద మంచం, మంచం మీద సగం మడిచిన దుప్పటి, తలుపు జానెడు తెరిచి ఉంది. ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. "తలుపు జానెడా? ఇందాక మూసి ఉందన్నావే," అని ఉన్నట్టుండి అడిగేవారు. వెనక్కి తిప్పి చూస్తే ఆవిడ మాటే నిజమయ్యేది. నేను చూస్తూనే ఉన్నాను, కానీ చూడలేదు. ఆవిడ చూడకుండానే చూశారు.

చర్చిలో కొందరికి ఈ వ్యవహారం నచ్చలేదు. ఒక మధ్యాహ్నం పాస్టర్‌గారు, ఇద్దరు ఆంటీలు వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఈ చీకటి సంగతులు మనకెందుకమ్మా?" అన్నారు ఆయన మెల్లగా.

"పాస్టర్‌గారూ, నేను పగలే చూస్తానండీ."

"అది కాదమ్మా..."

"కూర్చోండి. పది నిమిషాలు చూడండి. చెడ్డదనిపిస్తే అందరం కలిసి ప్రార్థన చేసుకుని టీవీ కట్టేద్దాం. భయమేస్తే మాత్రం మొహమాటపడకండి, లైటు కూడా వేస్తాను."

ఆయన సోఫా అంచున కూర్చున్నారు. సినిమా అయిపోయేదాకా లేవలేదు. ఆంటీల్లో ఒకావిడ చేతిసంచి ఒళ్లో అదిమి పట్టుకుని ఉండిపోయింది. చివర ఆయన గొంతు సవరించుకుని, "తల్లి ఆ పిల్లని క్షమించినట్టేనాండీ?" అని అడిగారు. వెళ్లేముందు ప్రార్థన చేసినప్పుడు, ఇంట్లోవాళ్లతోపాటు సినిమాలోని ఆ పిల్ల పేరు కూడా చెప్పారు. డాక్టరమ్మగారు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు.

ఆ తర్వాతి వసంతంలోనే మా ఊరి లైబ్రరీ వాళ్లు వేసవిలో పెద్దవాళ్ల కోసం ఏదైనా క్లాసు చెప్పమని ఆవిణ్ణి అడిగారు. గుండెజబ్బుల గురించి చెప్తారనుకున్నారు. ఆవిడ జపాన్ దయ్యాల సినిమాల చరిత్ర చెప్తానన్నారు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం, లైబ్రరీ బేస్‌మెంట్ గదిలో.

సరిగ్గా అప్పుడే వాళ్లమ్మాయి ఆవిణ్ణి కాపెల్ తీసుకుపోతానని పట్టుబట్టింది. అక్కడ ఆ అమ్మాయి పిల్లల డాక్టరు. నేను కాఫీ కలుపుతుంటే స్పీకర్‌లో మాట్లాడుకునేవారు.

"అమ్మా, యూ కాంట్ సీ ద స్క్రీన్. ఏం టీచ్ చేస్తావ్?"

"మత్తు ఇచ్చేటప్పుడు సర్జన్ కోత నేను చూశానా? ఆయన కోసే చోటు చూస్తాడు. నేను పరదాకి ఇవతల కూర్చుని పేషెంటు ఊపిరి చూస్తాను. అలాగే గడిచింది నా ఉద్యోగమంతా."

"అది వేరే అమ్మా. పాలు పొంగి స్టవ్ మాడి ఫైర్ అలారం వచ్చింది. హూ కేమ్? అక్క వచ్చింది. ప్రతిసారీ అక్క వస్తుందా? అక్కకి తన అత్తగారు లేరా?"

ఆ అమ్మాయి మాటలో తప్పు లేదు. నేనే వెళ్లి కిటికీలు తీసి, గిన్నె నానబెట్టి వచ్చాను. ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు తలుపు తీసుకుని వీధిలో నిలబడి ఉన్నారు. అలాంటి రోజులు మళ్లీ వస్తాయని ముగ్గురికీ తెలుసు.

డాక్టరమ్మగారు కుర్చీ ఫోన్ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత బేరం పెట్టారు. "ఈ క్లాసులు పూర్తయ్యేదాకా ఆగవే. ఆఖరి క్లాసుకి నువ్వే రా. నేను తడబడ్డానంటే మధ్యలోనే లేపి తీసుకుపో, నోరెత్తను. లేదంటే చివరిదాకా కూర్చో. ఆ మర్నాడు నీ వెంట నేనే వస్తాను."

"ఓకే. ప్రామిస్?"

"ప్రామిస్."

ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు: "వెళ్లక తప్పదు, నాకూ తెలుసు. కానీ ఎవరో చెయ్యిపట్టి లేవదీస్తే వెళ్లిపోయినదాన్ని కాకూడదు. పని పూర్తిచేసి వెళ్లినదాన్ని కావాలి. అంతే నాక్కావలసింది."

క్లాసులు బాగా జరిగాయి. ఒక్కో వారం పాఠానికి ముందురోజుల్లో ఇంట్లోనే నేను ఆ సినిమా ఆవిడకి చెప్తే, ఆవిడ మనసులో పెట్టుకుని వెళ్లేవారు. వినేవాళ్లలో ఇటాలియన్ తాతలు, చైనా బామ్మలు, గుజరాతీ దంపతులు, మన రిటైర్డ్ ఇంజనీరు అంకుల్ ఒకాయన. ఆయన ప్రతి సినిమా అయ్యాక లేచి అడిగేవారు: "డాక్టర్‌గారూ, ఇందులో మెసేజ్ ఏమిటండీ?" ఆవిడ ప్రతిసారీ ఒకటే చెప్పేవారు: "తలుపులు వేసుకోమని."

ఆఖరి క్లాసు ఈ కాలపు సినిమాల గురించి. దానికోసం జపాన్ నుంచే ఒక డిస్క్ తెప్పించారు. అమెరికాలో అది దొరకలేదు. కొన్నేళ్ల కిందట, కళ్లు బాగున్నప్పుడు, న్యూయార్క్‌లో ఒకే ఒక్కసారి చూశారట. ఆ పార్సిల్ ఎక్కడో ఆగి, క్లాసు రోజు పొద్దున్న వచ్చింది. ముందుగా చూసుకునే వీలు లేకపోయింది. ఏ దేశపు డిస్క్ అయినా ఆడే ప్లేయరు ఆవిడ ఇంట్లో ఉంటే, అది కారులో పెట్టుకుని వెళ్లాం.

గది నిండింది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ చప్పుడు తప్ప చల్లదనం లేదు. వాళ్లమ్మాయి ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా వచ్చి వెనక వరసలో కూర్చుంది. డాక్టరమ్మగారు రెండు మాటలు చెప్పి సినిమా వేయమన్నారు. వేశాం. ఒక అపార్ట్‌మెంటు, ఒక గృహిణి, భర్త ఆఫీసుకి వెళ్తూ ఏదో అన్నాడు. తెర కింద ఏమీ రాలేదు. నేను రిమోట్‌తో వెతికాను. ఇంగ్లిషు మాటలు లేనే లేవు. అమ్మినవాళ్లు వేరే రకం డిస్క్ పంపారు.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. లైబ్రరీ అమ్మాయి వచ్చి, ఇంకేదైనా సినిమా వేద్దామా, లేకపోతే ఇవాళ్టికి ఆపేద్దామా అని మర్యాదగానే అడిగింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎవరు లేచింది?" అన్నారు డాక్టరమ్మగారు నాతో తెలుగులో.

"మీ అమ్మాయండీ. బ్యాగు భుజాన వేసుకుంది."

"కూర్చోమను. నేనింకా తడబడలేదు."

నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి విన్నది. నిలబడింది కాని, ముందుకి రాలేదు.

డాక్టరమ్మగారు కుర్చీలోంచి లేచి, తెర అంచు చేత్తో తడుముకుని, దాని పక్కన నిలబడ్డారు. మూకీ సినిమాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి గురించి రెండో వారం చెప్పాను కదా, ఇవాళ ఆ మనిషిని నేనే, అన్నారు ఇంగ్లిషులో. తర్వాత నావైపు తిరిగి, "రా అమ్మాయ్. నా వెనక నిలబడి చెవిలో చెప్పు. సామాన్ల గది," అన్నారు.

కాళ్లు పీకుతున్నాయి. ముందురోజు రాత్రి అత్తయ్యగారు పడుకోనివ్వలేదు. అయినా వెళ్లి నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఎడమ నుంచి కుడికి. నేను తెలుగులో గుసగుసగా వస్తువులు చెప్తుంటే, ఆవిడ ఇంగ్లిషులో కథ చేస్తున్నారు. వంటగది, వెలుతురు, కుళాయి కింద బియ్యం గిన్నె, బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆవిడ అని నేనంటే, డాక్టరమ్మగారు అన్నారు: "పొద్దున్న పని అయిపోయింది. అందరూ వెళ్లిపోయారు. ఇప్పుడీ ఇల్లు ఈవిడ ఒక్కర్తిదే. ఈవిడ భయం కూడా అదే." భర్త గొంతు ఒకలాగా, పక్కింటావిడ గొంతు ఒకలాగా పలికారు. ఎక్కడా ఆగలేదు. గుసగుసలు మానేసి జనం వినడం మొదలుపెట్టారు.

సినిమా సగమయ్యాక ఒక పొడుగు సీను వచ్చింది. కెమెరా కదలదు. మళ్లీ ఆ వంటగదే. నేను మళ్లీ వరస మొదలుపెట్టాను. కిటికీ తీసి ఉంది, కర్టెన్ ఊగుతోంది, బల్ల, ఆవిడ, ఫ్రిజ్, దాని మీద క్యాలెండరు. ఉన్నట్టుండి డాక్టరమ్మగారు చెప్పడం ఆపేశారు. ఒక్క క్షణం తడబడ్డారేమో అనుకున్నాను. వెనక వరసలో ఆ అమ్మాయి ఒక అడుగు వేసింది.

"ఎడమ అంచున ఏమిటది?" అన్నారు ఆవిడ, పెదాలు కదిలీ కదలకుండా.

"బట్టలారేసిన స్టాండండీ. తెల్ల దుప్పట్లు."

"కాదు. కిటికీ తీసి ఉందన్నావు. కర్టెన్ ఊగుతోందన్నావు. మరి అది ఊగదేం?"

చూశాను. రెండు దుప్పట్లు ఊగుతున్నాయి. మధ్యలో ఉన్న మూడోది దుప్పటి కాదు.

"ఎవరో నిలబడ్డారండీ."

"ఎప్పట్నుంచి?"

"తెలీదండీ. మొదట్నుంచీ ఉందేమో."

"అయితే ఊరుకో," అన్నారు. ఆవిడా ఊరుకున్నారు.

మేమిద్దరం తెర పక్కన మాట్లాడకుండా నిలబడ్డాం. గదిలో ఏసీ చప్పుడు. తెరమీద ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. జనం కళ్లు బల్ల మీదే ఉన్నాయి. ఎవరికి వాళ్లు, డాక్టరమ్మగారు ఎందుకు ఆగారా అని తెరంతా వెతకడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు మన ఇంజనీరు అంకుల్‌కి కనబడింది. "ఓరి నాయనో!" అని తెలుగులోనే అరిచారు. ఆయన అరుపుకి అర్థం మాకు తప్ప అక్కడున్న ఎవరికీ తెలియదు, కానీ అందరూ ఆయన వేలు చూపిన వైపు చూశారు. గది మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు విన్నాను. చైనా బామ్మ పక్కనున్న గుజరాతీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇన్ని వారాల్లో ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు.

అప్పుడు డాక్టరమ్మగారు మళ్లీ గొంతెత్తి, చాలా మామూలుగా, "ఇంట్లో పని ఇంకా మిగిలే ఉంది," అని కథ అందుకున్నారు. చివరిదాకా చెప్పారు. వెనక వరసలో ఆ అమ్మాయి ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు. దీపాలు వేశాక చూస్తే కూర్చునే ఉంది, బ్యాగు నేల మీద ఉంది.

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. ఇంజనీరు అంకుల్ లేచి, "డాక్టర్‌గారూ, ఇవాళ మెసేజ్ అడగనండీ," అని కూర్చున్నారు. ఆ అమ్మాయి ముందుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని, ఆ చేతిని కాసేపు తన బుగ్గకి ఆనించుకుంది. "తడబడ్డానా?" అన్నారు ఆవిడ. "లేదమ్మా," అంది. ఆ రెండు మాటలూ తెలుగే.

మర్నాడు మాట ప్రకారం ఆవిడ బయల్దేరారు. కాపెల్‌లో ఏడాదిన్నర ఉన్నారు. మంగళవారాలు ఫోన్ చేసేవారు. చివర్లో మాటలు తగ్గాయి. మా అత్తయ్యగారి నిద్ర గురించి అడిగి, నా నిద్ర గురించి అడిగి, మందుల పేర్లు సరిచూసి పెట్టేసేవారు. నేను ఆవిడకి సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియలేదు. అలసటని కూడా ఒక చూపుగా వాడుకోవచ్చని నాకు చెప్పిన మనిషి ఆవిడ ఒక్కరే. ఇప్పటికీ నాకు తీరిక లేదు, నిద్ర చాలదు. కానీ ఇంట్లో ఎవరు ఏ మూల నిలబడి ఉన్నారో చూస్తాను. అత్తయ్యగారు కారిడార్‌లో గోడకి ఆనుకుని ఎంతసేపటినుంచి నిలబడ్డారో, ఏం కావాలో అడగలేక ఎలా చూస్తున్నారో, చూస్తాను.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఆ రోజు క్లాసు అయ్యాక లైబ్రరీ పార్కింగ్ లాటే గుర్తొస్తుంది. ఆవిణ్ణి నేను తీసుకొచ్చాను కాబట్టి నా కారులోనే కూర్చోబెట్టాను. వాళ్లమ్మాయి అద్దెకారు అవతలి వరసలో ఉంది. నట్టమధ్యాహ్నపు ఎండ, నీడ అన్నది లేదు.

"కళ్లు బాగున్నప్పుడు చూశాను ఈ సినిమా," అన్నారు ఆవిడ, సీటుబెల్టు కోసం తడుముకుంటూ. "ఆవిడ నాకు కనబడలేదమ్మాయ్. మొత్తం సినిమా అయిపోయినా కనబడలేదు. నేను మొహాలే చూస్తూ కూర్చున్నాను."

బెల్టు పెట్టాను. తాళంచెవి పెట్టబోయి ఆగాను.

"ఏం, కారు తీయవేం? ఎవరి కార్లూ కదలవేం? చప్పుడే లేదు."

"ఎవరూ వెళ్లడం లేదండీ."

"ఏం చేస్తున్నారు?"

ఎడమ నుంచి కుడికి చూసి చెప్పాను. ఇటాలియన్ తాత వెనక డోరు తీసి సీటు వైపు వంగి చూసి మూశాడు. గుజరాతీ ఆయన అద్దంలోంచి చూసి చాలక కారు చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఇంజనీరు అంకుల్ డిక్కీ తెరిచారు. అంత ఎండలో, అంత వెలుతురులో, అందరూ ఎవరి వెనకసీటు వాళ్లు చూసుకుంటున్నారు.

ఆవిడ నవ్వలేదు. "మా అమ్మాయో?" అని అడిగారు.

ఆ అమ్మాయి అద్దెకారు వెనక డోరు తీసి, వంగి, సీటు కింద కూడా చూసింది. నిటారుగా నిలబడింది. డోరు మూయకుండా, దాని మీద ఒక చెయ్యి ఆనించి, చూసేదాకా కదలనన్నట్టు, ఎండలో అలాగే నిలబడి మా కారు వైపు చూస్తూ ఉంది.